కాలు తిమ్మిరికి ఏ డాక్టర్? విశాఖలో ఉన్నవాళ్ళకి ఒక దారి

"గురువుగారూ, మీ ఎడమ కాలికి చెప్పేదీ?" అని పాత గాజువాక జంక్షన్‌లో టీ కొట్టు అబ్బాయి అడిగేదాకా మా పెద్దబావకి తెలీదు, తను ఒంటి చెప్పుతో నడుస్తున్నాడని. వెనక్కి తిరిగి చూస్తే రెండో చెప్పు బస్సు దిగిన చోటే పడి ఉందట. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పాడు. అక్క మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు ముగ్గురు డాక్టర్లు, ఒక ఎమ్మారై, నడుముకో బెల్టు, ట్రాక్షన్, రకరకాల సూదులు. చివరికి సమస్య నడుములో లేదని తేలింది. పాదాల్లో లేని స్పర్శకి కారణం పదకొండేళ్ళుగా ఉన్న షుగరు, దానికి తోడు ఎవరూ చూడని విటమిన్ బీ12 లోపం. నేను డాక్టర్‌ని కాను, బావ వెంట ఫైలు పట్టుకుని తిరిగినవాణ్ణి. తిరిగినకొద్దీ నాకర్థమైంది ఏమిటంటే, కాలు తిమ్మిరి అనేది జబ్బు పేరు కాదు. అది ఎక్కడ మొదలైంది, ఒక కాలికా రెండింటికా, ఎంత వేగంగా పాకింది, వెంట ఇంకేం వచ్చింది అన్నదాన్ని బట్టి ఏ డాక్టరో తేలుతుంది. ఆ లెక్క మనం ఇంట్లోనే చాలావరకు వేసుకోవచ్చు.

ముందు ఇది: ఓపీ కోసం ఆగకూడని తిమ్మిరి

మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు కానీ ఈ భాగం మాత్రం ముందు చూడండి. ఇందులో ఏది కనిపించినా ఏ స్పెషలిస్టు అనే చర్చే అక్కర్లేదు. 108కి ఫోన్ చేయడం, లేదా ఇరవై నాలుగు గంటలూ సీటీ స్కాన్ ఉండే దగ్గరి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళడం, అంతే.

ఉన్నట్టుండి ఒక పక్క కాలూ చెయ్యీ మొద్దుబారితే, మూతి వంకర పోతే, మాట ముద్దగా వస్తే అది పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువు మనం గమనించిన దగ్గర్నుంచి కాదు, మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం నుంచి లెక్క. అందుకే "రాత్రి పదింటికి పడుకున్నప్పుడు బాగానే ఉన్నారు" లాంటి సమాచారం డాక్టర్‌కి చాలా విలువైనది. "ఓ గంట పడుకుంటే సర్దుకుంటుందిలే" అని ఆగడం మన ఇళ్ళల్లో జరిగే పెద్ద పొరపాటు. వచ్చినట్టే వచ్చి పావుగంటలో తగ్గిపోయినా వెళ్ళాల్సిందే.

రెండోది, మనవాళ్ళు సిగ్గుపడి చెప్పనిది. నడుం నొప్పితో పాటు సైకిల్ సీటుకి ఆనే భాగమంతా, అంటే తొడల లోపలి పక్క, మర్మాంగాల చుట్టూ, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గడం. మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, లేదా తెలీకుండా పోవడం. వెన్నుపూస చివర్న ఉండే నరాల కట్ట నలిగిపోతోందనడానికి ఇది గుర్తు. గంటలు గడిచేకొద్దీ మూత్రం మీద పట్టు తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. అదే రోజు ఎమ్మారై తీసి, అవసరమైతే ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ గానీ స్పైన్ సర్జన్ గానీ ఉన్న చోటికే వెళ్ళాలి. ఇంట్లో ఆడవాళ్ళు మగ డాక్టర్‌కి ఇది చెప్పలేకపోతే, కాగితం మీద రాసి ఇచ్చినా సరే.

మూడోది, ఒక కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతమైన నొప్పితో మొద్దుబారడం. ఇది నరం సమస్య కాదు, రక్తం ఆగిపోవడం. గుండె దడ ఉన్నవాళ్ళు, గతంలో గుండెపోటు వచ్చినవాళ్ళు, బాగా సిగరెట్లు కాల్చేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. సుమారు ఆరు గంటల్లోపు రక్తం తిరిగి పారకపోతే కాలే పోవచ్చు. క్యాజువాలిటీలో అడుగు పెడుతూనే "కాలు చల్లబడింది, నాడి చూడండి" అని చెప్పండి. "తిమ్మిరి" అని మాత్రమే అంటే మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టే ప్రమాదం ఉంది.

నాలుగోది, అరికాళ్ళలో మొదలైన తిమ్మిరి రోజుల్లోనే పైకి పాకుతూ కాళ్ళ బలం తగ్గిపోవడం. నిన్న మెట్లెక్కారు, ఈరోజు కుర్చీలోంచి లేవలేకపోతున్నారు, అలా. దీనికి కొద్ది రోజుల ముందు విరేచనాలో జ్వరమో వచ్చి ఉండొచ్చు. గులియన్ బారీ సిండ్రోమ్ అంటారు. ఊపిరి కండరాల దాకా వెళ్తే వెంటిలేటర్ కావాలి, కాబట్టి ఐసీయూ, న్యూరాలజిస్టు రెండూ ఉన్న ఆసుపత్రే దీనికి సరైన చోటు.

కింద పడ్డాకో, బండి యాక్సిడెంట్ అయ్యాకో కాళ్ళు మొద్దుబారితే మనిషిని లేపి కూర్చోబెట్టకండి, ఆటోలోకి ఎత్తకండి. 108 వాళ్ళు వచ్చేదాకా కదపకుండా ఉంచండి.

ఇవేవీ కాకపోతే, ఇక టెన్షన్ పడకుండా కింద చెప్పే పని చేయండి.

కాగితం మీద కాలి బొమ్మ గీయండి

బావకి చివరికి దారి చూపించిన ఫిజీషియన్ (జనరల్ మెడిసిన్ డాక్టర్) చేసిన మొదటి పని ఇదే. ఓపీ చీటీ వెనక రెండు కాళ్ళ బొమ్మ గీసి, పెన్ను బావ చేతికిచ్చి, "ఎక్కడెక్కడ మొద్దుగా ఉందో గీత గీయండి" అన్నారు. బావ రెండు పాదాలకీ చీలమండ దాకా గీశాడు. మేజోళ్ళు వేసుకున్నట్టు వచ్చింది బొమ్మ. ఆవిడ చూసి, "ఇది నడుం గీసే బొమ్మ కాదండీ" అన్నారు. నాలుగు నెలల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే మేమూ చెప్పలేదు. "ఎడమ కాలు తిమ్మిరి" అన్నాం, ఎందుకంటే చెప్పు జారింది ఎడమ కాలిదే. కుడి పాదం కూడా అలాగే ఉందని బావకి అప్పటిదాకా తట్టనే లేదు.

ఆ బొమ్మ ఇంట్లోనే గీసుకోవచ్చు. గీశాక ఇలా చూడండి.

రెండు పాదాలకీ, వేళ్ళ కొసల నుంచి మొదలై మేజోడు ఆకారంలో పైకి వస్తుంటే, అది చాలావరకు నరాల కొసలు దెబ్బతినడం. ఒళ్ళంతటికీ సంబంధించిన కారణం ఏదో ఉంటుంది. మన దగ్గర మొదటి అనుమానం షుగరు మీద. తర్వాత బీ12 లోపం, తాగుడు అలవాటు, కిడ్నీ, థైరాయిడ్, కొన్ని మందుల దుష్ప్రభావం.

ఒకే కాలికి, నడుం లేదా పిర్ర నుంచి తీగ లాగినట్టు కిందికి దిగుతూ ఉంటే వెన్నులో నరం వేరు నలుగుతోందని అనుమానించాలి. అందులోనూ ఎక్కడన్నది ముఖ్యం. పిక్క బయటి పక్క నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తే ఒక నరం. పిక్క వెనక నుంచి పాదం బయటి అంచుకి, చిటికెన వేలికి వెళ్తే ఇంకోటి. దగ్గినా తుమ్మినా కాల్లోకి జిల్లుమని పాకితే నడుం మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

తొడ బయటి పక్క అరచేయి వెడల్పున మాత్రమే మొద్దుగా, మంటగా ఉండి, కాలి బలం మామూలుగా ఉంటే గాభరా పడకండి. గజ్జ దగ్గర నుంచి వచ్చే చర్మపు నరం ఒకటి నలిగితే ఇలా అవుతుంది. బిగుతు బెల్టు, బిగుతు జీన్సు, పెరిగిన పొట్ట, గర్భం, ఇవే సాధారణంగా కారణాలు. బెల్టు వదులు చేసి, కొన్ని వారాలు చూసి, అప్పటికీ తగ్గకపోతే ఫిజీషియన్‌కి చూపించండి.

మోకాలి కింద బయటి పక్క, పాదం పైభాగం మొద్దుబారి, నడిచేటప్పుడు పాదం ముందు భాగం వాలిపోయి నేలకి తగులుతుంటే, మోకాలి పక్కన బయటికి ఉబికి ఉండే ఎముక దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. కాలు మీద కాలు వేసుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళకి, గొంతుక్కూర్చుని టైల్స్ పని చేసేవాళ్ళకి, ఒక్కసారిగా బాగా బరువు తగ్గినవాళ్ళకి ఇది వస్తుంది. పాదం వాలిపోవడం అనేది తొందరపడాల్సిన లక్షణం. ఒకటి రెండు రోజుల్లో న్యూరాలజిస్టుని కలవండి.

చర్మం మీద పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి, ఆ మచ్చ మీదే స్పర్శ లేకపోతే అది చర్మ డాక్టర్ పని. కుష్టు కాదని తేల్చుకోవాలి. ఆ మాట వినగానే జనం దాచేస్తారు, దాచాల్సిందేమీ లేదు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలు లేదా ఏడాది వాడతారు, నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరం పోతుంది, పోయిన నరం తిరిగి రాదు.

రెండు కాళ్ళూ బిగుసుకుపోయినట్టుండి, నడకలో తూలు వస్తూ, చేతుల్లో కూడా చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంటే సమస్య మెడ దగ్గర వెన్నుపాములో ఉండొచ్చు. కాళ్ళ తిమ్మిరికి మెడ స్కాన్ రాశారేంటని ఆశ్చర్యపోకండి, నేను ఆశ్చర్యపోయి ఒకాయనతో వాదించాను కూడా, అనవసరంగా.

మన ఊరి ఎత్తుపల్లాలతో ఒక పరీక్ష

విశాఖలో ఉన్నవాళ్ళకి దేవుడిచ్చిన సౌకర్యం ఒకటుంది, ఊరంతా కొండలు. నడిస్తేనే వచ్చి, ఆగితే పోయే తిమ్మిరి అయితే ఇది గమనించండి.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) కొండవాలు రోడ్డు లాంటిది ఎక్కుతున్నప్పుడు పిక్క పట్టేసి, నొప్పీ మొద్దూ కలిసి వచ్చి, ఉన్న చోటే రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతోందా? అది రక్తనాళాలు పూడుకుపోయిన లక్షణం. ఎక్కడంలో కండరానికి రక్తం ఎక్కువ కావాలి, అది అందదు. సిగరెట్, షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్‌కి చూపించాలి. చేతి బీపీనీ చీలమండ బీపీనీ పోల్చి చూసే చిన్న పరీక్ష ఒకటుంది, ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువ వస్తే అనుమానం బలపడుతుంది.

అదే దిగుతున్నప్పుడు ఎక్కువై, నిలబడి ఉంటే తగ్గకుండా, ముందుకి వంగితేనో కూర్చుంటేనో తగ్గుతోందా? అది వెన్నులో నరాల దారి ఇరుకైన లక్షణం. వంగినప్పుడు ఆ దారి కాస్త తెరుచుకుంటుంది, దిగేటప్పుడు నడుం వెనక్కి వాలి మూసుకుంటుంది. రైతుబజార్‌లో కూరగాయల బండి మీద ఆనుకుంటే హాయిగా ఉండి, ఇంటికి నడిచొస్తుంటే కాళ్ళు మొద్దుబారే పెద్దవాళ్ళు ఈ కోవలోకి వస్తారు. వీళ్ళకి స్పైన్ సర్జన్ గానీ న్యూరోసర్జన్ గానీ.

ఈ రెండూ పక్కపక్కన పెడితే తేలిగ్గా కనిపిస్తాయి కానీ, అరవై దాటినవాళ్ళలో రెండూ కలిసే ఉండటం కూడా మామూలే. మీరు గమనించింది డాక్టర్‌కి చెప్పండి, తీర్పు ఆయనకే వదిలేయండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్షలు

అవతలి మనిషిని కళ్ళు మూసుకుని పడుకోమనండి. మీ చూపుడు వేలితో వాళ్ళ బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలి కొసలని ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు, నొక్కకుండా, ఊరికే ఆనించండి. రెండు పాదాలకీ కలిపి ఆరు చోట్లు. తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పాలి. ఆరింట్లో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. డాక్టర్లు కూడా షుగర్ పేషెంట్లకి వాడే పరీక్షే ఇది. అక్క బావకి చేస్తే ఆరింట్లో నాలుగు తప్పాడు. "నువ్వు ముట్టుకోలేదు" అని ఆమెతో పోట్లాట కూడా.

తర్వాత మడమల మీద పది అడుగులు, వేళ్ళ మీద పది అడుగులు, గోడ పక్కనే ఉండి నడిపించండి. ఒక కాలు రెండోదానిలా పైకి లేవకపోతే అది తిమ్మిరి కాదు, బలహీనత. చాలామంది "తిమ్మిరి" అనే మాటలోనే అన్నీ కలిపేస్తారు. ముట్టుకుంటే తెలీకపోవడం ఒకటి, చీమలు పాకినట్టుండటం ఒకటి, అరికాళ్ళ మంట ఒకటి, కాలు లేవకపోవడం మరొకటి. డాక్టర్ దగ్గర ఏది మీదో ఆ మాటే వాడండి.

తలస్నానం చేస్తూ కుంకుడు రసమో షాంపూనో కళ్ళల్లో పడకుండా కళ్ళు మూసుకున్నప్పుడు తూలుతున్నారేమో కూడా అడగండి. పాదాలు నేల ఎక్కడుందో చెప్పలేకపోతే కళ్ళు ఆ పని చేస్తుంటాయి. కళ్ళు మూయగానే బండారం బయటపడుతుంది. బీ12 లోపంలో ఇది తరచూ కనిపిస్తుంది.

ఇక అరికాలు, వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు వెలుతురులో చూడండి. నొప్పి తెలీని పాదానికి పుండు పడితే తెలిసేసరికి లోపలికి వెళ్ళిపోతుంది. సూదితో గుచ్చి చూడటం, వేణ్ణీళ్ళు పోసి చూడటం మాత్రం వద్దు. పరీక్షే గాయమవుతుంది.

మొదటి తలుపు ఎవరిది?

అత్యవసరం కాకపోతే, పాదం వాలిపోకపోతే, మొదట జనరల్ మెడిసిన్ ఎండీ దగ్గరికే వెళ్ళండి. దీన్ని నేను గట్టిగా చెప్తాను. మనవాళ్ళు ఫిజీషియన్ అంటే జ్వరాల డాక్టర్ అనుకుంటారు. "నరాల సమస్యకి నరాల డాక్టర్, కాలి సమస్యకి ఎముకల డాక్టర్" అని నేరుగా వెళ్ళిపోతారు. కానీ రెండు కాళ్ళ తిమ్మిరికి ఎక్కువ కారణాలు రక్త పరీక్షల్లో దొరికేవే. అవి రాసి, చదివి, మందు మొదలుపెట్టి, అవసరమైతే ఎటు పంపాలో చెప్పగలిగేది ఆ డాక్టరే.

ఎముకల డాక్టర్ దగ్గరికి ముందే వెళ్తే తప్పా అంటే, బొమ్మలో ఒకే కాలికి తీగ లాగి, నడుం నొప్పి ఉంటే తప్పు కాదు. లేకపోతే చిక్కు ఎక్కడంటే స్కాన్‌లో. యాభై దాటినవాళ్ళలో, నడుం నొప్పి ఏమాత్రం లేనివాళ్ళకి కూడా, ఎమ్మారై తీస్తే సగానికి పైగా మందిలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఉబ్బు కనిపిస్తుంది. తల నెరిసినట్టే అదీ. బావ రిపోర్టులో కూడా ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం కింది పూసల మధ్య, బల్జ్ (ఉబ్బు) అని ఉంది. అది అబద్ధం కాదు, కానీ ఆయన పాదాల మొద్దుకీ దానికీ సంబంధం లేదు. కనిపించినదానికల్లా వైద్యం చేసుకుంటూ పోయాం. స్కాన్ మన లక్షణంతో సరిపోలితేనే దానికి విలువ.

న్యూరాలజిస్టు, న్యూరోసర్జన్ ఒకటి కాదు. మొదటివాళ్ళు మందులతో నరాలూ మెదడూ చూస్తారు, రెండోవాళ్ళు ఆపరేషన్ చేస్తారు. రక్త పరీక్షలన్నీ బాగున్నా తిమ్మిరి తగ్గకపోతే, నెలల్లోనే పైకి పాకుతుంటే, బలం తగ్గుతుంటే, ఒక పక్కే ఎక్కువగా ఉంటే, వయసు చిన్నదైతే న్యూరాలజిస్టు. వాళ్ళు నరాల వేగం కొలిచే ఎన్‌సీఎస్ రాయొచ్చు. కరెంట్ చిన్నగా తగులుతుంది, ఓర్చుకోదగ్గదే. ఆ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు. మంటా నొప్పీ తెలిపే సన్న నరాలు అందులో పట్టుబడవు.

షుగర్ అదుపులో లేకపోతే ఎండోక్రైనాలజిస్టు, అంటే షుగరు, హార్మోన్ల డాక్టర్. మోకాళ్ళ దాకా వాపు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎక్కువ ఉంటే నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టర్. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి వైద్యానికి విశాఖ వచ్చేవాళ్ళు క్రియాటినిన్ పరీక్ష తప్పకుండా అడగండి. క్షయ మందులు వాడుతున్నవాళ్ళకి తిమ్మిరి వస్తే ఆ మందులిచ్చే కేంద్రంలోనే చెప్పాలి, మందుల్లో ఒకటి బీ6ని తగ్గిస్తుంది, దానికి మాత్ర ఇస్తారు. క్యాన్సర్‌కి కీమో తీసుకుంటుంటే కొత్త డాక్టర్ కోసం వెతక్కుండా కీమో ఇచ్చే డాక్టర్‌కే చెప్పండి, డోసు మార్చాల్సి రావొచ్చు.

విశాఖలో ఎక్కడికి

ప్రభుత్వంలో పెద్ద దిక్కు మహారాణిపేటలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీకి ఇదే బోధనాసుపత్రి. జనరల్ మెడిసిన్ నుంచి న్యూరాలజీ, న్యూరోసర్జరీ దాకా ఒకే చోట దొరుకుతాయి. మొదటిసారైతే పొద్దున్నే వెళ్ళి, జనరల్ మెడిసిన్‌కి ఓపీ చీటీ రాయించుకోండి. వాళ్ళే న్యూరాలజీకి రాస్తే, ఆ రోజు ఆ ఓపీ ఉందో లేదో కౌంటర్‌లో అడిగి కదలండి. ఆవరణ అంతా ఎత్తూపల్లం, కాబట్టి నడవలేనివాళ్ళతో వెళ్తే గేటు దగ్గరే వీల్‌చైర్ అడగడం మంచిది.

హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మధురవాడ, ఆరిలోవ, భీమిలి వైపు వాళ్ళకి అదే దగ్గర. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళు మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రి నుంచి, స్టీల్ ప్లాంట్ వాళ్ళు ఉక్కునగరం ఆసుపత్రి నుంచి, రైల్వే వాళ్ళు తమ ఆసుపత్రి నుంచి మొదలుపెట్టడం మంచిది. బయటి స్పెషలిస్టుకి రిఫరల్ కావాలన్నా అక్కడి కాగితం ఉండాల్సిందే. ప్రైవేటైతే రామ్‌నగర్ చుట్టుపక్కలా, ఆరిలోవ హెల్త్ సిటీలోనూ అన్ని విభాగాలూ దొరుకుతాయి.

షుగరూ బీపీ చూపించుకోవడానికి మాత్రం ఇంత దూరం అక్కర్లేదు, వార్డుకి దగ్గరున్న పట్టణ ఆరోగ్య కేంద్రం చాలు. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి. ఓపీ స్కాన్‌కి కూడా వర్తిస్తుందనుకుని వెళ్ళి బిల్లు చూసి కంగుతినకుండా, ముందే ఆ పథకం డెస్క్‌లో అడగండి.

వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి

మీరు గీసిన బొమ్మ. వాడే మందులన్నీ, చీటీలు కాదు, స్ట్రిప్పులే ఒక కవర్‌లో వేసుకుని. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ బావ కేసు మలుపు తిరిగింది ఆ కవర్ దగ్గరే. ఆయన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ పదకొండేళ్ళుగా వాడుతున్నాడు, గ్యాస్‌కని పాంటోప్రజోల్ ఆరేళ్ళుగా, ఎవరూ రాయకుండానే, మందుల షాపులో కొనుక్కుని. రెండూ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గిస్తాయి. డాక్టర్ ఆ రెండు స్ట్రిప్పులూ పక్కపక్కన పెట్టి, "బీ12 ఎప్పుడు చేయించారు?" అన్నారు. ఎప్పుడూ చేయించలేదు.

తర్వాత ఆవిడ ట్యూనింగ్ ఫోర్క్ తీసి, మోగించి, చీలమండ ఎముక మీద పెట్టారు. బావ మొహంలో ఏ మార్పూ లేదు. మోకాలి మీద పెడితే, "ఆ, ఇక్కడ జుమ్మంటోంది" అన్నాడు. మూడు నిమిషాల పని.

మద్యం తాగే అలవాటుంటే ఎంత, ఎన్నేళ్ళుగా అన్నది దాచకండి. పూర్తి శాకాహారమా, పాలూ పెరుగూ తీసుకుంటారా చెప్పండి. మొదటి విడతలో సాధారణంగా రాసే పరీక్షలు: పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), సీబీసీ (రక్తకణాల లెక్క), బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్. పరగడుపు షుగరు 126, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే షుగర్ వ్యాధి కిందకి వస్తుంది. బీ12 సాధారణంగా 200 కన్నా తక్కువైతే లోపం అంటారు, 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానం. రక్తహీనత లేకపోయినా బీ12 లోపంతో నరాలు దెబ్బతినొచ్చు, కాబట్టి "రక్తం బాగానే ఉంది" అన్న మాటతో ఆగిపోవద్దు.

ఈలోపు చేయకూడనివి

"నరాల బలానికి" అని వీధి చివర వేయించుకునే బీ కాంప్లెక్స్ సూదులు. పరీక్షకి ముందే వేయించుకుంటే రక్తంలో బీ12 పెరిగి కనిపించి అసలు లోపం కప్పబడిపోతుంది. బావకి మొదటి నెలలోనే ఆ సూదులు పడ్డాయి, ఆగిపోయి రెండు నెలలు దాటాక పరీక్ష చేశారు కాబట్టి సరిపోయింది. బీ6 ఎక్కువున్న మాత్రలు నెలల తరబడి మింగితే అదే తిమ్మిరి తెస్తుంది. దీన్ని నమ్మడానికి నాకే కొంచెం టైం పట్టింది.

వేడి నూనె మర్దన, ఇటుక కాపడం, వేడి నీళ్ళ సంచి ఇవి స్పర్శ లేని పాదానికి శత్రువులు. కాలింది కూడా తెలీదు. ఎండాకాలం మధ్యాహ్నం బీచ్ ఇసుకలో చెప్పుల్లేకుండా నడవడమూ అంతే.

ఇక్కడే సింహాచలం గిరి ప్రదక్షిణ సంగతి చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చాలామంది ఒట్టి కాళ్ళతోనే నడుస్తారు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు అది చేయకండి. భక్తిని నేను కాదనను, మా ఇంట్లోనూ మొక్కులున్నాయి. కానీ బొబ్బ లేచిందని తెలియజెప్పాల్సిన నరమే పని చేయడం లేదు కదా.

వైద్యం మొదలయ్యాక

కారణం దొరికితే తిమ్మిరి వారంలో పోతుందని ఆశ పెట్టుకోకండి. నరం నెమ్మదిగా కోలుకుంటుంది, నెలలు పడుతుంది, కొంత మిగిలిపోవచ్చు కూడా. ముందు మంట తగ్గి, తర్వాత స్పర్శ కొంచెం వచ్చి, అలా. ప్రతి నెలా అదే బొమ్మ కొత్త కాగితం మీద గీసి తేదీ వేయండి. మూడు బొమ్మలు పక్కపక్కన పెడితే పాకుతోందో, ఆగిందో, తగ్గుతోందో మీకే కనిపిస్తుంది. పాకుతుంటే అదే డాక్టర్‌ని "న్యూరాలజిస్టుకి రాస్తారా?" అని సూటిగా అడగండి, మంచి డాక్టర్ ఎవరూ దానికి నొచ్చుకోరు. సర్జరీ అన్నప్పుడు, పైన చెప్పిన అత్యవసరాలు కానప్పుడు, రెండో అభిప్రాయం తీసుకోండి. స్కాన్ సీడీ మీ దగ్గరే ఉంచుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు.

బావకి బీ12 సూదులు పడ్డాయి, షుగరు మందు మారింది, పాంటోప్రజోల్ ఆగింది. ఏడాది దాటింది. అక్క నెలకోసారి ఆ ఆరు వేళ్ళ పరీక్ష ఇంకా చేస్తూనే ఉంది. మొన్నటిసారి ఒక్కటే తప్పాడు, ఎడమ చిటికెన వేలు. చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకుంటున్నాడు. వేసుకునే ముందు ఒక్కొక్కటీ తిరగేసి, నేలకి కొట్టి, లోపల చెయ్యి పెట్టి తడుముతాడు. మొదటి వారంలోనే అందులోంచి మనవడి లెగో ముక్క ఒకటి పడింది.